విడి భాగాల బళ్లు, కలిసి సాగే దారులు

కిట్ కారు కొన్నవాళ్ల ఇంటి ముందు మొదట ఆగేది లారీ. అందులోంచి అట్టపెట్టెలు, ఇనుప గొట్టాలతో అతికిన చట్రం, చుట్టచుట్టిన వైర్ల కట్ట, సంచుల్లో లెక్కపెట్టి కట్టిన నట్లూ బోల్టులూ దిగుతాయి. ఇంజనూ గేర్‌బాక్సూ ఒక్కోసారి వాటితోనే వస్తాయి, ఒక్కోసారి పాత ఫోర్డ్ బండిలోంచి విప్పి తెచ్చుకోవాలి. ఆ సామానంతా షెడ్డులో పరుచుకుని, సాయంత్రాలూ సెలవురోజులూ దానికే ధారపోసి, ఏడాదికో నాలుగేళ్లకో దాన్ని బండిగా నిలబెడతారు. బ్రిటన్‌లో ఈ అలవాటుకు డెబ్బై ఏళ్లు దాటాయి. బండి తయారయ్యాక ఏం చేస్తారు? ఆదివారం పొద్దున్నే బయటికి తీసి, తమలాంటి మరో అయిదారుగురితో కలిసి కొండదారి పడతారు. మధ్యలో ఎక్కడో టీ తాగుతారు, బానెట్లు ఎత్తి మాట్లాడుకుంటారు, చీకటి పడేలోగా ఇల్లు చేరతారు. పైకి ఇది షికారే. కానీ ఈ సంప్రదాయం ప్రాణమంతా ఆ షికారులోనే ఉందని నా నమ్మకం.

ఎందుకంటే కంపెనీ కారుకు ఊరూరా సర్వీస్ సెంటర్ ఉంటుంది, లక్షల్లో తోబుట్టువులుంటాయి. కిట్ కారుకు అవి లేవు. ఒకే చట్రం కొన్న ఇద్దరిలో ఒకరు ఫోర్డ్ ఇంజను పెడతారు, ఇంకొకరు మోటార్‌సైకిల్ ఇంజను ఎక్కిస్తారు. రేడియేటర్ ఫ్యాన్ ఒకరిది దానంతటదే తిరిగితే, ఇంకొకరిది స్విచ్చి నొక్కితే తిరుగుతుంది. ఏ వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో కట్టిన మనిషికే తెలుసు. అలాంటిదే కట్టిన మరి కొందరు ఊహించగలరు. ఈ తెలివిడి చాలావరకు ఏ పుస్తకంలోనూ ఉండదు. మనుషులు కలిసినప్పుడే అది చేతులు మారుతుంది. వాళ్లు కలవడానికి దారి కావాలి, దారిలో ఆగడానికి ఒక చోటు కావాలి.

దీని పుట్టుకలో కొంత లేమి ఉంది, కొంత పన్నుల గొడవ ఉంది. 1922లో వచ్చిన ఆస్టిన్ 7 చవకైన చిన్న కారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కొత్త కార్లు దొరకని, దొరికినా కొనలేని రోజుల్లో కుర్రాళ్లు పాత ఆస్టిన్ 7 పైతొడుగు పీకేసి, మిగిలిన చట్రం మీద తమకు తోచినట్టు రేకు కట్టుకుని పందేలకు వెళ్లేవారు. 1939లో పుట్టిన 750 మోటార్ క్లబ్ వాళ్లందరికీ కూడలి అయింది. కాలిన్ చాప్‌మన్ అనే యువ ఇంజనీరు 1948లో ఉత్తర లండన్‌లో, తాను పెళ్లాడబోయే హేజల్ తల్లిదండ్రుల ఇంటి వెనక గారేజీలో, ఒక ఆస్టిన్ 7ను అలాగే విప్పి కట్టాడు. లోటస్ కంపెనీకి అదే తొలి అడుగు.

1957లో వచ్చిన లోటస్ సెవెన్ ధర పూర్తి బండిగా 1,036 పౌండ్లు. అందులో 347 పౌండ్లు కొనుగోలు పన్ను. విడి భాగాలుగా తీసుకుంటే పన్ను లేదు, 536 పౌండ్లతో సరి. ఒక్క మెలిక ఉంది: బిగించే విధానం రాసిన పుస్తకం జతచేస్తే ఆ మినహాయింపు వర్తించదు. అందుకని లోటస్ వాళ్లు బండిని విప్పే విధానం రాసి ఇచ్చారు. కొన్నవాళ్లు దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకుంటూ బిగించుకున్నారు. 1973 ఏప్రిల్‌లో కొనుగోలు పన్ను స్థానంలో వ్యాట్ వచ్చి ఆ లాభం పోయింది. ఆ ఏడాదే సర్రేలోని కేటర్‌హామ్ ఊళ్లో లోటస్ కార్లు అమ్ముతున్న గ్రాహమ్ నియర్న్ సంస్థ సెవెన్ తయారీ హక్కులు తీసుకుంది. ఇప్పుడు కేటర్‌హామ్ పేరుతోనే ఆ బండి వస్తోంది, కోరినవాళ్లకు పెట్టెల్లోనూ వస్తోంది. 1996లో రాన్ చాంపియన్ అనే ఉపాధ్యాయుడు ఇంకో మెట్టు కిందికి దిగి, 250 పౌండ్లతో స్పోర్ట్స్ కారు కట్టుకోవడం ఎలాగో పుస్తకం రాశాడు. పాత ఫోర్డ్ ఎస్కార్ట్ సామాను, ఇనుప గొట్టాలు, వెల్డింగ్ మిషన్ ఉంటే చాలన్నాడు. పన్ను మినహాయింపు కోసం మొదలైన పని అది పోయాక కూడా ఆగలేదు. చేత్తో చేసుకున్న బండిని నడపడంలో ఉన్న తృప్తి అప్పటికే జనానికి తెలిసిపోయింది.

ఆ తృప్తి అర్థం కావాలంటే బండి తీరు తెలియాలి. సెవెన్ తరహా కారు బరువు 500 కిలోలకు అటూఇటూగా ఉంటుంది. మన మారుతీ 800 కూడా దానికంటే వంద కిలోలకు పైగా బరువు. పైకప్పు లేదు. తలుపులంటే పక్కకు తగిలించే గుడ్డ పలకలే, ఎండ కాస్తే అవి కూడా ఇంట్లో వదిలేస్తారు. సీటు నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే చెయ్యి చాపితే రోడ్డు తగులుతుంది. కోసిన గడ్డి వాసన, తడి మట్టి వాసన, ముందుపోయే ట్రాక్టరు డీజిలు వాసన అన్నీ లోపలికొస్తాయి. ముందు చక్రాలు ఎటు తిరుగుతున్నాయో కళ్లెదుటే కనిపిస్తుంది. గంటకు 60 కిలోమీటర్లకే ఒళ్లంతా మెలకువగా ఉంటుంది. అందుకే దీనికి మోటార్‌వే పనికిరాదు. అక్కడ లారీ చక్రం చెవి పక్కన తిరుగుతుంది, రొద తప్ప చూసేదేమీ ఉండదు. మలుపులున్న, రాతి గోడల మధ్య సాగే, మెల్లగా పోయినా విసుగు పుట్టని చిన్న దారులే దీనికి తగినవి. సెవెన్ యజమానులు ఇలాంటి చిన్న ప్రయాణాన్ని 'బ్లాట్' అంటారు.

బ్లాట్‌కు ముందు రోజు సాయంత్రమే పని మొదలవుతుంది. కట్టిన బండి అదురుతుంది, అదురు నట్లను వదులు చేస్తుంది. చక్రాల నట్లు, సస్పెన్షన్ బోల్టులు, సైలెన్సర్ బిగింపులు టార్క్ రెంచితో ఒకసారి చూసుకోవాలి. చాలామంది బిగించిన ప్రతి నట్టు మీదుగా బోల్టు దాకా పెయింటుతో సన్నని గీత గీస్తారు. గీత విరిగి కనిపిస్తే నట్టు కదిలినట్టే, పానా పెట్టకుండానే తెలిసిపోతుంది. టైర్లలో గాలి మామూలు కారుకంటే బాగా తక్కువ ఉండాలి. అర టన్ను బండికి 20 పీఎస్ఐకి అటూఇటూ చాలు, ఎక్కువ కొడితే టైరు రోడ్డును పట్టుకోదు. కాళ్ల దగ్గర సర్దే సామానులో పానాలు, ప్లాస్టిక్ కట్లు, టేపు, ఫ్యూజులు, లాగే తాడు, ఒక క్లచ్ కేబుల్, వాన కోటు ఉంటాయి. చెవుల్లో దూది లాంటి ప్లగ్గులు, తలమీద ఉన్ని టోపీ. ముందు అద్దం తీసేసి చిన్న గాలిమళ్లింపు పలక మాత్రమే పెట్టుకున్నవాళ్లకు హెల్మెట్టో కళ్లజోడో తప్పనిసరి.

అసలు నేర్పు గుంపుగా నడపడంలో ఉంది. ముందు బండి నడిపేవాళ్లకు దారి కంఠతా రావాలి. చాలాచోట్ల ఆ మనిషి వారం ముందే ఆ దారి ఒకసారి తిరిగి వస్తారు. ఎక్కడ కొత్తగా కంకర పోశారు, ఏ వంతెన దగ్గర పనులు జరుగుతున్నాయి, ఏ పెట్రోలు బంకు ఆదివారం మూసి ఉంటుంది అన్నవి చూసుకుంటారు. కిట్ కార్ల ట్యాంకులు చిన్నవి, కొన్నిటిలో పెట్రోలు ముల్లును నమ్మలేం. అందుకని అన్నిటికంటే చిన్న ట్యాంకు ఎవరిదో అడిగి, దాన్నిబట్టి ఎక్కడెక్కడ ఆగాలో నిర్ణయిస్తారు. దారి కాగితం మీద రాసి పంచేవాళ్లు ట్యులిప్ పద్ధతి వాడతారు. నెదర్లాండ్స్‌లోని ట్యులిప్ ర్యాలీ నుంచి వచ్చిన పద్ధతి ఇది: ప్రతి కూడలికీ ఒక చిన్న బొమ్మ, కింద గుండు నువ్వున్న చోటు, బాణం నువ్వు పోవలసిన వైపు, పక్కన దూరం. పక్క సీటులో కూర్చున్న భార్యో భర్తో కొడుకో అది చదువుతూ ఉంటే నడిపేవాళ్ల చూపు దారి మీదే ఉంటుంది. ఫోన్ మ్యాప్ ఉన్న ఈ కాలంలో కూడా ఆ కాగితానికి విలువ ఉంది. కొండల్లో సిగ్నల్ ఉండదు, తెరిచిన బండిలో ఎండ పడితే ఫోన్ తెర కనపడదు. పైగా పక్కన కూర్చున్న మనిషికి ప్రయాణంలో ఒక పని దొరుకుతుంది.

కూడలి దగ్గర గుంపు విడిపోకుండా ఉండటానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది సులువు: మలుపు తిరిగే ముందు నీ వెనక బండి అద్దంలో కనిపించాలి, కనిపించకపోతే కనిపించేదాకా ఆగు. ప్రతి ఒక్కరూ తన వెనక ఉన్న ఒక్కరిని చూసుకుంటే గుంపు మొత్తం నిలుస్తుంది. రెండోది మోటార్‌సైకిల్ వాళ్ల దగ్గర నేర్చింది. కూడలి రాగానే ముందు బండి నడిపేవాళ్లు చెయ్యి చూపిస్తారు. రెండో బండి అక్కడ క్షేమమైన చోట పక్కకు ఆగి వచ్చేవాళ్లందరికీ దారి చూపిస్తుంది, చివరి బండి కనపడగానే దాని ముందు చేరుతుంది. తర్వాతి కూడలికి ఇంకొకరి వంతు. ఇలా అందరూ ముందుకూ వెనక్కూ మారుతుంటారు. కార్లు ఆగడానికి చోటు కావాలి కాబట్టి ఇరుకు దారుల్లో మొదటి పద్ధతే మేలు.

నా లెక్కలో గుంపు మొత్తానికి పెద్ద మనిషి చివరి బండిలో ఉంటాడు. దాన్ని చేతిపని బాగా తెలిసినవాళ్లకే అప్పగిస్తారు. ఎవరి బండి ఆగినా తనూ ఆగాలి, కారణం కనిపెట్టాలి, కుదిరితే బాగుచెయ్యాలి, కుదరకపోతే లాగించుకుపోవాలి. కొత్తగా వచ్చినవాళ్లను ముందు బండికి సరిగ్గా వెనక ఉంచడం కూడా మంచి పద్ధతి. వెనకెక్కడో ఉంటే ముందువాళ్లను అందుకోవాలన్న ఆరాటంతో తమ శక్తికి మించి నడుపుతారు. ముందు ఉంటే, దారి చూపే మనిషి అద్దంలో వాళ్లను చూస్తూ వేగం తగ్గించుకుంటాడు. అలవాటు పడని చేతికి ఎంత వేగం హాయిగా ఉంటుందో గుంపంతటికీ అదే వేగం. ఇక్కడ గడియారం ఉండదు, బహుమతి ఉండదు. బ్రిటన్‌లో పబ్లిక్ రోడ్డు మీద మోటారు పోటీలకు 1969 నుంచి ప్రత్యేక నిబంధనలున్నాయి. పోటీ అనిపించే ఏ అంశమూ షికారులోకి రానీయకపోవడం క్లబ్బుల పెద్దలు పట్టుదలగా పాటించే నియమం. ఆరేడు బండ్లకు మించితే రెండు గుంపులుగా విడిపోతారు, లేకపోతే వెనకొచ్చే మామూలు కారు ఆ వరసను దాటలేక నలిగిపోతుంది.

ఇక దారులు. ఇంగ్లండ్ నడిబొడ్డున, 1951లో దేశంలో తొలి జాతీయ ఉద్యానవనమైన పీక్ డిస్ట్రిక్ట్‌లో, షెఫీల్డ్ వైపు నుంచి గ్లాసప్‌కు స్నేక్ పాస్ అనే కొండదారి పోతుంది. 512 మీటర్ల ఎత్తున బయలు నేల, గాలి. యార్క్‌షైర్‌లో హాజ్ నుంచి థ్వైట్‌కు పోయే బటర్‌టబ్స్ దారి ఇంకా అందమైనది. లోయ అడుగు నుంచి రాతి గోడలు వెంటవచ్చి, పైకెక్కేకొద్దీ విడిచిపోతాయి. లేక్ డిస్ట్రిక్ట్‌లోని హార్డ్‌నాట్ పాస్ మూడడుగులకు అడుగు చొప్పున లేస్తుంది, పక్కనే రోమన్ల కోట శిథిలాలున్నాయి. కింది గేరులో, క్లచ్ కాలకుండా, ఎదురొచ్చేవాళ్లకు చోటిస్తూ దాన్నెక్కడం బండికీ నడిపేవాళ్లకూ పరీక్షే. స్కాట్లండ్ పడమటి తీరంలో ఆపిల్‌క్రాస్ ఊరికి పోయే బెలాక్ నా బా దాదాపు సముద్ర మట్టం నుంచి 626 మీటర్లకు ఎక్కుతుంది. ఒకే బండి పట్టే దారి, మధ్యమధ్య దాటుకోవడానికి వెడల్పు చేసిన చోట్లు. ఎడమవైపు ఉంటే అందులోకి దిగాలి, కుడివైపు ఉంటే దాని ఎదురుగా ఆగాలి, ఎక్కేవాళ్లకు వీలైనప్పుడల్లా దారివ్వాలి. ఆరు బండ్ల వరస ఒకే చోటులో పట్టదు. అందుకే ఇలాంటి దారిలో రెండేసి బండ్లుగా, మధ్య ఎడంతో పోవడం తెలిసినవాళ్ల పద్ధతి.

వేల్స్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి ఎలాన్ లోయది. బర్మింగ్‌హామ్ నగరానికి తాగునీళ్ల కోసం పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కట్టడం మొదలుపెట్టి 1904లో ప్రారంభించిన రాతి ఆనకట్టలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఆ నీరు వంద కిలోమీటర్లకు పైగా పల్లానికి జారుతూనే నగరం చేరుతుంది. ఆనకట్టలు దాటాక రాయడర్ నుంచి కుమిస్ట్‌విత్ వైపు పోయే కొండ రోడ్డులో గొర్రెలు తప్ప ఎవరూ ఉండరు. ఉత్తరాన పోర్ట్‌మైరియన్ ఉంది. క్లఫ్ విలియమ్స్-ఎలిస్ అనే వాస్తుశిల్పి ఇటలీ తీరపు పల్లెను తలపించేలా 1925 నుంచి కట్టుకుంటూ వచ్చిన ఊరు. 1967లో వచ్చిన 'ది ప్రిజనర్' టీవీ ధారావాహికను అక్కడే తీశారు. దాని మొదట్లో ప్యాట్రిక్ మెగూహన్ నడిపింది లోటస్ సెవెన్. అందుకే సెవెన్ వాళ్లకు ఆ ఊరు యాత్రాస్థలం. చివరి భాగంలో బండి తెచ్చి అప్పగించే మనిషిగా గ్రాహమ్ నియర్నే కనిపిస్తాడు.

దారి ఎంత బాగున్నా ఆగే చోటు లేకపోతే సగమే. టీ కొట్టు ముందు బండ్లు వరసగా నిలిపి, ఇంజన్లు చల్లారేలోగా బానెట్లు లేస్తాయి. దిగేటప్పుడు పక్కన బయటికే ఉన్న సైలెన్సర్ తగిలి పిక్క కాలకుండా చూసుకోమని కొత్తవాళ్లను హెచ్చరిస్తారు. ఆ తర్వాత మాటలు. నీ బ్రేక్ పెడల్ అంత గట్టిగా ఎలా ఉంది? నా ఆయిల్ ఒత్తిడి ఎడమ మలుపుల్లో పడిపోతోంది, ఎందుకు? సంపు లోపల పలకలు వేయించు, లేకపోతే పొడవాటి మలుపులో ఆయిలంతా ఒక పక్కకు చేరి పంపు గాలి పీలుస్తుంది. ఆ జవాబు చెప్పినవాళ్లు ఒక ఇంజను పోగొట్టుకుని నేర్చుకుని ఉంటారు. అడిగినవాళ్లకు అది టీ నీళ్ల ఖర్చుతో దొరుకుతుంది. పక్క బండిలో వైర్లు కట్టిన తీరు చూసి ఇంటికెళ్లి తమవి విప్పి మళ్లీ కట్టుకునేవాళ్లున్నారు. రిటైరైన ఫిట్టర్, కాలేజీ కుర్రాడు, డాక్టరు ఒకే గేర్‌బాక్సు గురించి అరగంట మాట్లాడుకోవడం ఇక్కడ మామూలు. కంబ్రియాలో 580 మీటర్ల ఎత్తున హార్ట్‌సైడ్ మీద ఇలాంటి పేరున్న కేఫ్ ఉండేది. 2018లో అది కాలిపోయింది. దారి అలాగే ఉంది, మలుపులు అలాగే ఉన్నాయి. అయినా పైన ఆగి మాట్లాడుకునే కప్పు పోవడం పెద్ద లోటే.

పల్లెల పట్ల మర్యాద ఈ విద్యలో భాగం. ఈ బండ్ల మోత ఎక్కువ. ఇళ్లు కనపడగానే పై గేరు వేసి ఇంజను మెల్లగా తిరిగేలా చేసుకోవాలి. గుర్రం కనిపిస్తే గంటకు 10 మైళ్లకు మించకుండా, కనీసం 2 మీటర్లు ఎడంగా పోవాలని 2022లో సవరించిన హైవే కోడ్ చెబుతోంది. ఇంజను పూర్తిగా ఆపి గుర్రం దాటేదాకా కూర్చునే పెద్దలు కూడా ఉన్నారు, వాళ్ల మీద నాకు గౌరవం. కొండగొర్రెకు రోడ్డు అంటే ఎండకు వెచ్చబడిన పడక. హారన్ కొడితే అది ఎటు దూకుతుందో దానికీ తెలియదు, ఆగాల్సిందే.

కొత్త బండి మొదటిసారి గుంపులోకి వచ్చే రోజు వేరు. అది అప్పటికే, రోడ్డెక్కే ముందు చేసే ఐవీఏ పరీక్ష దాటి ఉంటుంది. 1998లో మొదలైన పాత పరీక్ష స్థానంలో 2009లో వచ్చిన ఈ తనిఖీలో బ్రేకులు, దీపాలు, పొగ, మోత అన్నీ చూస్తారు. మనిషికి తగలగల అంచు ప్రతిదీ కనీసం 2.5 మిల్లీమీటర్ల గుండ్రదనంతో ఉండాలి. బోల్టు తలల మీద ప్లాస్టిక్ టోపీలు, అంచులకు రబ్బరు తొడుగులు అందుకే. పరీక్షలో నెగ్గిన బండి రోడ్డు మీద నమ్మదగినదవడానికి ఇంకా కొంత సమయం కావాలి. మొదటి కొన్ని వందల మైళ్లలో అన్నీ సర్దుకుంటాయి, ఒకటో రెండో ఊడతాయి. ఆ మైళ్లు ఒంటరిగా తిరగడం కంటే, ముందొకరు వెనకొకరు ఉండగా తిరగడం ఎంతో మేలు. వెనక బండివాళ్లకు కనిపించేవి నడిపేవాళ్లకు కనిపించవు: ఎడమ బ్రేకు దీపం వెలగట్లేదు, చక్రం కొద్దిగా ఊగుతోంది, కింద ఏదో కారుతోంది.

అమెరికాలో ఇదే ముచ్చట కోబ్రా చుట్టూ తిరుగుతుంది. 1962లో క్యారల్ షెల్బీ బ్రిటిష్ ఏసీ కారులో ఫోర్డ్ వీ8 ఇంజను పెట్టి చేసిన ఆ బండి నకళ్లను, 1995లో మొదలైన ఫ్యాక్టరీ ఫైవ్ వంటి సంస్థలు కిట్లుగా అమ్ముతున్నాయి. అట్లాంటా, షార్లట్ ప్రాంతాల్లో ఉండే మనవాళ్లు స్మోకీ కొండలకు వెళ్లినప్పుడు 'టెయిల్ ఆఫ్ ది డ్రాగన్' అనే 11 మైళ్ల, 318 మలుపుల రోడ్డు మీద వీటి వరసలు చూసే ఉంటారు. అక్కడికి దగ్గర్లోనే 469 మైళ్ల బ్లూ రిడ్జ్ పార్క్‌వే ఉంది. 45 మైళ్ల వేగ పరిమితితో సాగే ఆ దారే ఇలాంటి షికారుకు ఎక్కువ తగిందని నాకనిపిస్తుంది.

మన దేశంలో ఇంట్లో కట్టిన కారును రోడ్డెక్కించడం చాలా కష్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన మూల రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చేతి పని తెలిసినవాళ్లకు మనకు కొదవ లేదు. విజయవాడ ఆటోనగర్‌కు ఉత్త చాసిస్‌గా వచ్చిన లారీ, చెక్కా రేకూ రంగూ తొడుక్కుని పూర్తి బండిగా బయటికి పోతుంది. ఆ నేర్పుకు, సొంతంగా కట్టుకున్న ఒక్క బండిని కూడా పరీక్షించి నంబరిచ్చే ఐవీఏ వంటి మార్గం తోడైతే మన కుర్రాళ్లు ఏం కడతారో చూడాలని నాకెంతో ఆశ.

బ్రిటన్ క్లబ్బుల్లో ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లలో బండి కట్టినవాళ్ల కంటే కట్టిన బండి కొన్నవాళ్లు పెరుగుతున్నారు. మొదటి తరం వయసు మీదపడి కారులోకి దిగి లేవలేక అమ్ముతోంది, లేదా వాళ్లు పోయాక ఇంటివాళ్లు అమ్ముతున్నారు. కట్టనివాళ్లు అసలైన యజమానులేనా అని పెదవి విరిచేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కొన్నవాళ్లకే ఈ షికార్ల అవసరం ఎక్కువ. బండితోపాటు వాళ్లకొక ఫైలు వస్తుంది: రశీదులు, కట్టేటప్పుడు తీసిన ఫొటోలు, చేత్తో గీసిన వైరింగ్ పటం. ఆ పటంలో ఒక వైరు రంగు తప్పుగా రాసి ఉంటే, కట్టిన మనిషితో పదేళ్లు కలిసి తిరిగిన ఎవరో టీ కొట్టు దగ్గర చూసి, అక్కడ ఎరుపు అయిపోతే నారింజ వైరు వేశాడని చెబుతారు. కొన్నవాళ్లు అక్కడే పెన్ను తీసి పటం దిద్దుకుంటారు. మే నెల మొదట్లో వార్విక్‌షైర్‌లోని స్టోన్లీలో ఏళ్ల తరబడి జరుగుతూ వస్తున్న కిట్ కార్ల ప్రదర్శనకు గుంపు బయల్దేరేటప్పుడు, వాళ్లను ముందు బండికి సరిగ్గా వెనక నిలబెడతారు.